చేతిలో కాగితం పెట్టని ఆపరేషన్లు

సంపాదకుడి గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పెంపుడు జంతువుల ఆపరేషన్ల మీద వచ్చిన పూర్తి పేజీ వ్యాసం గురించి ఈ లేఖ. అది అచ్చయి రోజులు గడిచాయని తెలుసు. పశువైద్యుల్లో ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారులే అని ఎదురుచూశాను. ఈలోగా మీ లేఖల శీర్షికలో పార్కు బెంచీల రంగు మీద వాదోపవాదాలు నడిచాయి తప్ప దీని ఊసే లేదు. ఇక లాభం లేదని నేనే కలం పట్టాను.

పేజీలో సగం నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న కుక్కపిల్ల ఫొటోకు పోయింది. మిగిలిన సగంలో సంతాన నియంత్రణ ఆపరేషన్ గురించి రాసినదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, పొద్దున తీసుకెళ్లండి, సాయంత్రం తెచ్చుకోండి. మగ కుక్కకు, ఆడ కుక్కకు చేసేవాటిని ఒకే గాటన కట్టేశారు. మగవాటికి వృషణాలు తీసేస్తారు. అవి పొట్టలోనే ఉండిపోయిన కొన్నింటిలో తప్ప పొట్ట తెరిచే పని ఉండదు. ఆడవాటికి సాధారణంగా పొట్ట కోసి అండాశయాలు, చాలాసార్లు వాటితోపాటు గర్భసంచి కూడా తీసేస్తారు. లోపల రక్తనాళానికి వేసిన ముడి జారితే బయటికి చుక్క రక్తం కనిపించదు. జంతువు చిగుళ్లు తెల్లబడి, లేవలేక పడుకుంటుంది. మత్తు ఇంకా దిగలేదేమోనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చిగుళ్ల రంగు చూడాలని మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ పేజీ సార్థకమయ్యేది.

నేను ఆపరేషన్లు వద్దనే మనిషిని కాను. చేయించాల్సిందే అంటాను. అయితే ఎందుకు చేయించాలో కూడా మీరు సరిగా రాయలేదు. పిల్లల బెడద తప్పుతుందన్న ఒక్క లాభమే మీ విలేకరికి తెలిసినట్లుంది. ఆపరేషన్ కాని ఆడ కుక్కల్లో వయసు మీరాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు చాలా మామూలు. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఇది బయటపడుతుంది. మా ఇంటికి పెద్దవయసులో దత్తు వచ్చిన ఆడకుక్కకు ఇదే అయింది. గిన్నె నింపడమే ఆలస్యం, ఖాళీ చేసేది. మళ్లీ వచ్చి ఖాళీ గిన్నెను మూతితో నెట్టేది. ఎండలకు దాహమని ఇంటికి వచ్చినవాళ్లంతా తేల్చేశారు. అసలు సంగతి లోపల నిండిన చీము. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే స్రావం కూడా కనబడదు, లోపలే విషం ఎక్కుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు స్థిమితంగా చేయగలిగిన ఆపరేషన్‌ను అప్పుడు ప్రాణాల మీదికి వచ్చాక చేయాలి. ఇక రొమ్ము గడ్డలు. కుక్కల్లో వచ్చేవాటిలో దాదాపు సగం, పిల్లుల్లో అయితే అత్యధిక భాగం క్యాన్సరే. చిన్నవయసులో అండాశయాలు తీసేస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. అలాగని అన్నింటికీ ఆరు నెలలకే అని గీత గీయడమూ కుదరదు. పెద్ద జాతుల కుక్కల్లో కీళ్లు, ఎముకలు ఎదగనిచ్చి ఆపరేషన్ చేయడం మేలని చాలామంది వైద్యులు ఇప్పుడు ఏడాది దాటేదాకా ఆగమంటున్నారు.

మా కుక్క బతికింది. చేసిన డాక్టరు చేతికి దణ్ణం పెడతాను. నా గొడవ ఆ గది బయట జరిగేదాని మీద. ఏం తీసేశారు, ఏ మత్తు ఇచ్చారు, నొప్పికి ఏం వేశారు, రాత్రి ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి? ఇవన్నీ రాసిన కాగితం అడిగితే కాంపౌండరు పాత క్యాలెండర్ లోంచి ఒక ముక్క చింపి, దాని వెనక 'మాత్ర, పూటకొకటి' అని రాసిచ్చాడు. ఏ మాత్ర అంటే, "అదే అమ్మా, తెల్లది" అన్నాడు. నొప్పి ఎక్కువైతే మనుషుల జ్వరం మాత్ర సగం వేయమని ఉచిత సలహా కూడా పారేశాడు. ఆ సలహానే పిల్లిని పెంచుకునేవారికి ఇస్తే? పారాసిటమాల్‌ను పిల్లి శరీరం విరిచేయలేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చి చచ్చిపోతుంది. కుక్కలకు మనుషులు వాడే ఐబుప్రోఫెన్ కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తుంది. కుట్లు నాకకుండా మెడకు కట్టే ప్లాస్టిక్ పట్టీ సంగతి అడిగితే, అది అవసరం లేదు, కాస్త కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. కుట్లు విప్పేది పది నుంచి పద్నాలుగు రోజులకు. అన్నాళ్లూ రాత్రింబవళ్లు కనిపెట్టుకుని కూర్చోవడానికి ఇంట్లో ఎవరిని నియమించాలో ఆయనే చెప్పాలి.

మనిషికి పన్ను పీకినా సంతకం పెట్టించుకుంటారు. జంతువు కడుపు కోసి పంపిస్తే చింపిన కాగితం చాలునట. దీనిపై మీ వ్యాసంలో మాట్లాడిన అధికారి 'సదుపాయాలన్నీ అందుబాటులో ఉన్నాయి, ప్రజలు ఆందోళన చెందనక్కర్లేదు' అన్నారు. వరదొచ్చినా కరవొచ్చినా ఇదే వాక్యం. వీళ్లకు ఉద్యోగంలో చేరిన రోజే అచ్చేసి ఇస్తారేమో! ఆయన ఒకసారి చీకటిపడ్డాక తన శాఖ ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్లి చూడాలి. 'అత్యవసర సేవలు' అన్న బోర్డు నిగనిగలాడుతూ ఉంటుంది, దాని కింద తాళం కూడా నిగనిగలాడుతూ ఉంటుంది. మగ పిల్లికి మూత్రం బంధించిందంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. వెంటనే గొట్టం వేసి మూత్రం తీయాలి, పదేపదే బంధిస్తుంటే ద్వారాన్ని వెడల్పు చేసే ఆపరేషన్ చేయాలి. పెద్దజాతి కుక్కకు కడుపు ఉబ్బి మెలితిరిగితే రోజుల మాట కూడా ఉండదు, గంటల్లోనే తేలిపోతుంది. పిల్లి దారం మింగితే పేగులు కుచ్చిళ్లలా ముడుచుకుపోతాయి. నోట్లోంచి వేలాడుతోంది కదా అని లాగితే పేగు కోసుకుపోతుంది. ఇవేవీ ఆఫీసు వేళలు చూసుకుని రావు. మీ విలేకరి ఆ అధికారిని ఈ తాళం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. వెనకటికి పత్రికలు అధికారులను ప్రశ్నలు అడిగేవి, జవాబు రాకపోతే రాలేదని అచ్చువేసేవి. ఇప్పుడు వాళ్లు చెప్పింది రాసుకొచ్చి, మిగిలిన జాగాలో 'మీ పెంపుడు జంతువు రాశిఫలం' నింపుతున్నారు. మా కుక్కది ఏ రాశో మాకు తెలియదు. పుట్టిన తేదీ దాన్ని రోడ్డు మీద వదిలేసి పోయిన మహానుభావులకే తెలియాలి.

ఇంకొకటి. తోక కత్తిరించడం, చెవులు నిక్కబొడుచుకునేలా కోయడం, పిల్లి గోళ్లు తీసేయడం కూడా మీ సాధారణ శస్త్రచికిత్సల జాబితాలో కళ్లుచిట్లించి వెతికే పని లేకుండా కనిపించాయి. పిల్లి గోళ్లు తీయడమంటే గోరు కత్తిరించడం కాదు, ప్రతి వేలి చివరి ఎముకను కోసేయడం. జబ్బుకు తోక తీయాల్సి వస్తే అది వైద్యం, అందానికి తీస్తే అది యజమాని ముచ్చట. పెంపుడు జంతువుల రక్షణకు ఐరోపా మండలి 1987లో చేసిన ఒడంబడిక ఇలాంటి కోతలన్నింటినీ నిషేధించాలని అప్పుడే చెప్పింది. కంటి మూలలో ఎర్రటి కండ ఉబికి వచ్చే జబ్బుకు దాన్ని 'కోసి తీసేస్తారు' అని కూడా రాశారు. అది కన్నీరు ఊరే గ్రంథి, తీసేస్తే ముందుముందు కన్ను ఎండిపోతుంది. లోపలికి తోసి కుట్టాలి. రాసేముందు ఒక్క పశువైద్యుడికి చూపించి ఉంటే సరిపోయేది.

చివరగా, వెంటనే చేయవలసిన పని ఒకటుంది. ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి నుంచి పెంపుడు జంతువులకు తిండి, నీళ్లు పెట్టరాదని రాసి, ఆ వాక్యం పక్కనే కుందేలు బొమ్మ వేశారు. కుక్కలకు, పిల్లులకు మత్తులో వాంతి శ్వాసనాళంలోకి పోతుందన్న భయంతో కొన్ని గంటలు తిండి ఆపుతారు. అదైనా వయసును, జబ్బును బట్టి డాక్టరు చెప్పాలి. నీళ్లు మాత్రం రాత్రంతా ఆపక్కర్లేదు. కుందేలు వాంతి చేసుకోలేదు. దానికి తిండి ఆగితే పేగుల కదలికే ఆగిపోయి, ఆపరేషన్ బాగా జరిగినా చచ్చిపోవచ్చు. బల్ల ఎక్కించే ముందు వరకూ గడ్డి అందుబాటులో ఉంచాలి, మెలకువ రాగానే మళ్లీ తినిపించాలి. దీనికి సవరణ వేయండి. టెండరు ప్రకటనల మధ్య చీమ తలకాయంత అక్షరాల్లో కాదు, అదే అనుబంధంలో, అదే పేజీలో, కళ్లద్దాల కుక్కపిల్లకు ఇచ్చినంత జాగాలో.

ఇట్లు,
మీ పత్రిక పాత చందాదారు