ప్రోగ్రెస్ కార్డులో ‘స్టేయర్’ అన్న మాట గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మా ఇంగ్లిష్ టీచరు ఏడో తరగతి బాబు ప్రోగ్రెస్ కార్డులో ‘స్టేయర్’ అని రాశారు. ఫోనులో అర్థం వెతికితే గుర్రం అని వచ్చిందట. "మా పిల్లాణ్ణి గుర్రమంటారా?" అన్న ప్రశ్న శనివారం నుంచి మీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ముందు నన్ను అడిగి ఉంటే సంతోషించేదాన్ని.

అవును, అది పందెం గుర్రాల మాటే. కొన్ని గుర్రాలు 1200 మీటర్లు మెరుపులా పరిగెత్తుతాయి, అంతకు మించితే అలిసిపోతాయి. కొన్ని మొదట్లో వెనకే ఉండి, దూరం పెరిగేకొద్దీ దమ్ము చూపిస్తాయి. పుణెలో జరిగే ఇండియన్ సెయింట్ లెజర్ 2800 మీటర్ల పందెం, అక్కడ నెగ్గాలంటే ఆ దమ్మే కావాలి. అలాంటి గుర్రాన్ని స్టేయర్ అంటారు. మనుషుల్లో అయితే, పట్టిన పని మధ్యలో వదలనివాళ్లు. మన ‘మొండి’తో దీన్ని కలపకండి. కదలనని మొండికేసిన ఎద్దుకీ, రాజుకంటే బలవంతుడని సామెత చెప్పే మొండివాడికీ మనకు ఒకటే మాట. స్టేయర్‌లో ఆ ఎద్దు లేదు. ‘పట్టుదల గలవాడు’ అంటే సరిపోతుంది.

ఆ బాబుకు జూలైలో లెక్కల్లో 50కి 11 వచ్చాయి, ఇప్పుడు 38. రోజూ ఇంటర్వెల్‌లో నోటుబుక్కు పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడేవాడు. మా ఎనిమిదో తరగతి అమ్మాయి 800 మీటర్ల పరుగులో బూటు ఊడిపోయినా ఆగలేదు, వట్టి కాలితోనే పూర్తి చేసింది. వచ్చింది ఐదో స్థానమే, కానీ నా చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను.

అందుకే ఒక మనవి. హోంవర్కులో మీ చేతిరాతను మా టీచర్లు ఇట్టే గుర్తుపడుతున్నారు. ప్రేమతోనే రాసిపెడుతున్నారని తెలుసు. కానీ లెక్క రాక పిల్లాడు పెన్సిలు కొరుకుతూ కూర్చున్న ఆ పది నిమిషాలే వాడి చదువు! మీరు పెన్సిలు లాక్కున్న క్షణాన ఆ చదువు ఆగిపోతుంది. తప్పుగా చేసినా సరే, వాణ్ణే చేయనివ్వండి. ఏడుస్తే పక్కన కూర్చోండి, ఫోను మాత్రం చేతికివ్వకండి.

ఒంటిపూట బడుల వేళలు, ఫీజు గడువు నోటీసు బోర్డులో ఉన్నాయి.

సంతకం చేసిన కార్డులు సోమవారం పంపండి. ఆ మాట కొట్టేయమని ఇద్దరు అడిగారు. కొట్టేయను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు