నాగావళి రేవు విషయంలో నేను చెప్పిన అబద్ధం

మా ఫ్రేముల షాపుకి వచ్చేవాళ్లకీ, ఆదివారం నడకకి డబ్బులు కట్టినవాళ్లకీ ఒక విషయం చెప్పుకోవాలి.

'వపా బొమ్మల్లో శ్రీకాకుళం' అని పోస్టరు వేసి, మనిషికి 200 రూపాయల చొప్పున మూడు ఆదివారాలు మిమ్మల్ని ఊరంతా నడిపించాను. వపా అని సంతకం పెట్టే చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు 1921లో ఈ ఊళ్లోనే పుట్టారు. అది నిజం. మిగతా పోస్టరే తేడా.

అసలీ ఆలోచన ఒక ఫొటో వల్ల వచ్చింది. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న ఒక కస్టమరు గారి అబ్బాయి ఆర్ల్ అనే ఊరి ఫొటో ఫ్రేము కట్టమని పంపాడు. వాన్ గో అనే డచ్ చిత్రకారుడు 1888 ఫిబ్రవరి నుంచి ఏడాదికి పైగా ఉన్న ఊరు. ఆయన ఎక్కడ నిలబడి ఏ బొమ్మ వేశాడో అక్కడ ఆ బొమ్మతో బోర్డు పెట్టారు. ఆయన అద్దెకున్న పసుపు ఇల్లు 1944లో బాంబులు పడి పోయింది, అయినా అక్కడా బోర్డు ఉంది. రాత్రిపూట బొమ్మ వేసిన కాఫీ హోటల్‌కైతే, బొమ్మలో ఉన్నట్టు కనపడాలని తర్వాత పసుపు రంగు పూశారు. బొమ్మని చూసి ఊరు రంగు మార్చుకుంది! మౌంటు కోస్తూ కోస్తూ, మనకి మాత్రం ఏం తక్కువ అనుకున్నాను.

తక్కువేమీ లేదు గానీ పద్ధతి వేరు. వాన్ గో స్టాండు పట్టుకుని వీధిలోకి వెళ్లి వేశాడు. వపా గారి 'చందమామ' అట్టలూ, 'యువ' పత్రికలో వచ్చిన రాగాల బొమ్మలూ ఋతువుల బొమ్మలూ చాలావరకు మనసులోంచి వచ్చినవి. అందులో పురాణం ఉంది, పండగ ఉంది, కోల కళ్ల ఆడవాళ్లున్నారు. ఫలానా వీధి అని వేలు పెట్టి చూపించడానికి నాకు ఒక్కటీ దొరకలేదు. ఈ పని పోస్టరు అచ్చుకి ఇవ్వకముందే చేయాల్సింది.

మూడో ఆదివారం గుడివీధిలో కోటేశ్వరస్వామి గుడి దాటి నాగావళి గట్టుకి దిగాం. బిందెతో ఉన్న అమ్మాయి బొమ్మ చూపించి "ఇదే ఆ రేవు" అనేశాను. మాతో వచ్చిన రిటైర్డ్ డ్రాయింగ్ టీచరమ్మ గారు కళ్లజోడు పైకి తోసుకుని బొమ్మ చూశారు, నీళ్లు చూశారు, నన్ను చూశారు.

"ఇదే రేవని నీకెవరు చెప్పారు బాబూ?"

ఎవరూ చెప్పలేదండీ. పద్నాలుగు మంది ఎదురుగా నిలబడితే టెన్షన్‌లో నోరు జారింది. అందులో ఇద్దరు అప్పటికే అక్కడ సెల్ఫీ కూడా తీసుకున్నారు.

అందుకని ఆ మూడు నడకలకి వచ్చినవాళ్లు షాపుకి వస్తే 200 తిరిగి ఇచ్చేస్తాను. డబ్బు వద్దనుకుంటే ఒక చిన్న ఫ్రేము కట్టిస్తాను, అద్దంతో సహా. ఒక్కటే మనవి, అందరూ ఒకే సోమవారం రాకండి. ఈ ముసురుకి బీడింగ్ చెమ్మ పట్టి ఉంది, ఒప్పుకున్న పటాలే ఇంకా ఆరలేదు.

నడక మాత్రం మానను. పేరు 'వపా పుట్టిన ఊళ్లో నడక' అని మార్చాను, టికెట్టు 100 చేశాను. ఉదయం 5.45కి ఏడు రోడ్ల కూడలి దగ్గర కలుద్దాం. ఇకమీదట బొమ్మకి చోటు వెతకం. కోక కట్టు, కొప్పు, చేతిలో ఇత్తడి సామాను, ఇలాంటివి బొమ్మలో ఎలా ఉన్నాయో, దారిలో ఎదురయ్యే మనుషుల్లో ఎలా ఉన్నాయో చూపిస్తానని టీచరమ్మ గారు ఒప్పుకున్నారు. టీలు తప్ప ఇంకేమీ తీసుకోనన్నారు, అదీ చక్కెర లేకుండా.

రేవు దగ్గర అరగంట ఆగుతాం. అక్కడ నేను ఏ బొమ్మా చూపించను, మీరే వేస్తారు. అట్టలూ కాగితాలూ పెన్సిళ్లూ షాపువే. రబ్బరు మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, పోయిన వారం నా మూడు రబ్బర్లు నదిలో పోయాయి.