తంపర గట్టున నడిచే దారికి గుర్తులు పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మా బావ, మేనకోడలు, నేను ఒడిశా బరంపురంలో పొద్దున్నే బస్సెక్కి ఛత్రపురంలో దిగి, తంపర చెరువు తూర్పు గట్టు వెంట రోజంతా నడిచాం. తంపర అంటే మన తెలుగువాళ్ళు చాలామంది బోటెక్కి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు, అవతలి గట్టుకి వెళ్ళరు. చెరువుకీ సముద్రానికీ మధ్య ఇసుక నేల, దానిమీద సరుగుడు, జీడిచెట్లు, నీటి అంచున మొగలి పొదలు. పక్కన మంచినీళ్ళు కదలకుండా ఉంటే, చెట్ల వెనక నుంచి సముద్రం హోరు వస్తూనే ఉంటుంది, సముద్రం మాత్రం కనపడదు. మా మేనకోడలు చాలాసేపు దాన్ని రైలు చప్పుడనుకుంది.

ఇబ్బందల్లా జీడితోటలో దారి మూడుగా చీలిన చోట వచ్చింది. ఒక దారి పట్టుకుని గంట నడిస్తే మొగలి ముళ్ళ దగ్గర ఆగిపోయింది, తెచ్చుకున్న నీళ్ళు కూడా అయిపోయాయి, పిల్ల వెంట ఉందని నాకు టెన్షన్ పట్టుకుంది. చివరికి వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కనపడ్డాడు, ఆర్జిపల్లి వైపు మన తెలుగు జాలరే. 'తాతా, దారెటు?' అంటే, 'చెరువు ఎడంచేతి పక్కనుండాలి బాబూ, సముద్రం కుడిచెవికి వినపడాలి, అంతే' అన్నాడు. అలాగే నడిచి బయటపడ్డాం.

అమెరికాలో అప్పలేచియన్ ట్రెయిల్ అని 14 రాష్ట్రాల గుండా దాదాపు 3,500 కిలోమీటర్లు పోయే కాలిబాట ఉంది. దాని పొడుగునా చెట్లమీద తెల్లరంగు గీతలుంటాయి, పక్కకి పోయే దారులకి నీలం గీతలు. చాలావరకు వాటిని చూసుకునేది వాలంటీర్లే. మనకీ అదే కావాలి. దయచేసి ఎవరూ సిమెంటు రోడ్డు మాత్రం వెయ్యొద్దు. తంపర 2022లో ప్రకటించిన రామ్‌సర్ చిత్తడినేలల్లో, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద కాపాడాల్సిన చిత్తడినేలల్లో ఒకటి, పైగా 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో పడిపోయిన చెట్లకి లెక్కలేదు, ఇప్పుడున్నవాటిని రోడ్డు కోసం కొట్టేస్తే ఇక నడవడానికి అక్కడేముంటుంది?

ఈ బాటనే గంజాం దగ్గర ఋషికుల్య వంతెన దాటించి రంభలో చిలికా సరస్సు ఒడ్డుకి కలిపితే రెండు రోజుల నడక అవుతుంది. ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో ఇసుక వైపు ఎవర్నీ వెళ్ళనివ్వకూడదు, అది గట్టిగా అమలు చెయ్యాలి.

రంగు డబ్బాలు, బ్రష్‌లు మేమే కొనుక్కుంటాం, ఆదివారాలు వచ్చి గీతలూ మేమే గీస్తాం. అనుమతి ఏ ఆఫీసులో అడగాలో మీ విలేకరి కనుక్కుని రాస్తే చాలు.

– ఒక పాఠకుడు, బరంపురం