అమ్మ పాటల తాళం తీసిన శిష్యురాలికి

పేరు రాయొద్దంది. "ఇదేం పెద్ద పని మాస్టారూ, నా పేరు పెట్టి రాస్తే మా ఆఫీసులో నవ్వుతారు" అంది. సరే, రాయను. థాంక్స్ చెప్పొద్దని మాత్రం అనలేదు. అందుకని ఇది. చదివేవాళ్లలో నాలాంటి వాళ్లు నలుగురైనా ఉంటారు కాబట్టి, నేను చేసిన వెధవ పనులు కూడా దాచకుండా రాస్తున్నాను.

మా ఇంట్లో 2013లో కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఉండేది. పోయిన నెల కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది, ఐదోసారి వచ్చాక అది లేవలేదు. మదర్‌బోర్డు పోయిందన్నారు. నాకు పెద్ద టెన్షన్ పుట్టలేదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో అప్‌డేట్లు ఆగిపోతాయని మా అబ్బాయి పోరుపెట్టి అప్పటికే విండోస్ 11 ఉన్న లాప్‌టాప్ కొనిపించాడు. పాతదాంట్లోంచి హార్డ్ డిస్క్ ఊడదీసి దీనికి తగిలిస్తే అయిపోతుందనుకున్నాను.

డెస్క్‌టాప్ డిస్క్ పెద్దది. లాప్‌టాప్ డిస్కుల్లా యూఎస్‌బీ వైరు పెట్టగానే తిరగదు, దానికి విడిగా కరెంటు కావాలి. మా వీధి చివర మొబైల్ రిపేర్ల కుర్రాడు డిస్కుకి కరెంటిచ్చి లాప్‌టాప్‌కి కలిపే, అడాప్టర్ ఉన్న డాక్ ఒకటి చేతిలో పెట్టి, "పని అయ్యాక ఇవ్వండి సార్, డబ్బులేం వద్దు" అన్నాడు. ముందు ఆ కుర్రాడికి ఒక నమస్కారం.

డిస్క్ తగిలించాను. కనిపించింది. యూజర్స్ ఫోల్డర్ తెరిచాను, నా పేరుతో ఫోల్డర్ ఉంది. దాని మీద రెండుసార్లు నొక్కితే చిన్న పెట్టె ఒకటి లేచింది. ఈ ఫోల్డర్ తెరవడానికి నీకిప్పుడు పర్మిషన్ లేదు, శాశ్వతంగా కావాలంటే కంటిన్యూ నొక్కు, అని దాని సారాంశం. నా ఇంట్లోకి నన్నే రావద్దన్నట్టు అనిపించింది.

ఆ ఫోల్డర్‌లో ఏముందో చెప్పాలి. ఇరవై ఏళ్ల పరీక్ష పేపర్లు, స్కూల్ గ్రూపు ఫొటోలు, సర్వీసు కాగితాల స్కానింగులు ఉన్నాయి. అవన్నీ ఒక ఎత్తు. 2017 సంక్రాంతి సెలవుల్లో మా అమ్మ చేత పాడించి ఫోన్లో రికార్డు చేసిన పాటలు నలభై మూడు ఉన్నాయి. మేలుకొలుపులు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, రోట్లో పిండి దంచేటప్పుడు పాడేవి. కొన్నిటి మధ్యలో "ఇంక చాల్లేరా, పొయ్యి మీద పాలున్నాయి" అని కూడా వినిపిస్తుంది. 2019లో అమ్మ పోయింది. ఆ ఫోను ఎప్పుడో పాడైంది. ఇంకో చోట కాపీ పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదని అడక్కండి, మా ఆవిడ అడుగుతూనే ఉంది.

ఇక నా నిర్వాకం. కంటిన్యూ నొక్కాను. ఆకుపచ్చ గీత ఒకటి నత్తలా పాకడం మొదలైంది. పావుగంట చూశాను. బిగుసుకుపోయిందనుకుని క్యాన్సిల్ కొట్టాను. తెరిచి చూస్తే కొన్ని ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి, కొన్ని లేదు. అమ్మ పాటలు తెరుచుకోని వాటిలో ఉన్నాయి.

తర్వాత ప్రాపర్టీస్‌లోకి వెళ్లాను. రీడ్ ఓన్లీ పక్కన చిన్న నల్ల చదరం కనిపించింది. ఇదే దొంగ అనుకుని తీసేశాను. మళ్లీ తెరిస్తే మళ్లీ ఉంది. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ వచ్చి కూర్చుంది. (ఆ గుర్తుకీ పర్మిషన్లకీ సంబంధమే లేదట. ఫోల్డర్ల విషయంలో అది దాదాపు ఉత్తుత్తిదట. ఒక గంట దాని మీదే పోయింది.)

ఆ తర్వాత సెక్యూరిటీ అనే ట్యాబ్. ఎవరో చెప్పగా విన్న జ్ఞానంతో పై ఫోల్డర్‌కి ఓనర్‌గా నా పేరు పెట్టుకున్నాను. ఎవ్రీవన్ అనే పేరు చేర్చి, అలౌ (అంటే అనుమతి) కింద ఉన్న గడులన్నిటికీ టిక్కులు పెట్టాను. పక్కనే డినై (అంటే నిరాకరణ) అనే వరస ఖాళీగా ఉంది. ఫారంలో ఏ గడీ ఖాళీగా వదలకూడదనేది ముప్పయ్యేళ్ల ఉద్యోగం నేర్పిన అలవాటు. అక్కడా టిక్కులు పెట్టాను. పెడుతుంటే అలౌ కింది టిక్కులు మాయమయ్యాయి. విచిత్రంగా ఉందే అనుకుంటూ అప్లై నొక్కాను. హెచ్చరిక ఒకటి వచ్చింది, చదవకుండా ఎస్ కొట్టాను. ఆపైన "యాక్సెస్ డినైడ్" అంటూ పెట్టె మీద పెట్టె. వేలు నొప్పి పుట్టేదాకా ఓకేలు, కంటిన్యూలు నొక్కాను. చివరికి అంతకుముందు తెరుచుకున్నవి కూడా మూసుకున్నాయి.

మర్నాడు ఒక షాపుకి తీసుకెళ్లాను. ఏ షాపో చెప్పను. "డేటా కరప్ట్ అయింది సార్, రికవరీకి తొమ్మిది వేలవుతుంది, గ్యారంటీ లేదు" అన్నారు. డిస్క్ వెనక్కి తెచ్చుకుని ఆ రాత్రి అన్నం సయించక కూర్చుంటే, మా ఆవిడే గుర్తు చేసింది, "మీ దగ్గర చదివిన ఆ పిల్ల బెంగళూరులో కంప్యూటర్లు చూసే ఉద్యోగమే కదా?" అని. మనం పాఠం చెప్పిన పిల్లల్ని మనం పాఠం అడగడానికి కొంచెం మొహమాటం ఉంటుంది. అయినా ఫోన్ చేశాను.

తను మొదట అడిగింది డిస్క్ గురించి కాదు. "ఇప్పటిదాకా ఏమేం నొక్కారో వరసగా ఒక కాగితం మీద రాయండి. రాసేదాకా ఇంకేదీ నొక్కొద్దు. ఏడింటికి నేనే చేస్తాను" అంది. హోంవర్క్! రాశాను. ఏడింటికి చదివి వినిపించాను. డినై దగ్గరికి వచ్చేసరికి అటువైపు నిశ్శబ్దం. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు, నేనూ క్లాసులో అలాగే ఆపుకునేవాణ్ని.

"మాస్టారూ, ఫైళ్లకేం కాలేదు. కరప్ట్ అయితే ఈ మెసేజ్ రాదు. తాళం మీద పేరు మారిందంతే" అంది. మూడు రోజుల తర్వాత నాకు ఊపిరాడింది అప్పుడే.

నాకు అర్థం కానిది ఒకటే. కొత్త లాప్‌టాప్‌లో కూడా అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో అకౌంట్ పెట్టుకున్నాను కదా, మరి నన్నెందుకు గుర్తుపట్టలేదు? దానికి తను చెప్పిన జవాబు నా క్లాసులోంచే తెచ్చింది. "మా బ్యాచ్‌లో లక్ష్ములు ఇద్దరుండేవాళ్లు గుర్తుందా? మీరు పేరు పిలిస్తే ఇద్దరూ లేచేవాళ్లు. ఆఫీసులో మాత్రం ఎప్పుడూ తికమక లేదు, ఎందుకంటే అక్కడ అడ్మిషన్ నంబరు చూస్తారు. విండోస్ కూడా అంతే. మనకి చూపించేది పేరు, లోపల చూసుకునేది నంబరు." ప్రతి అకౌంటుకీ ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి నంబరు ఒకటి పుడుతుందట. పాత కంప్యూటర్లో నా నంబరు వేరు, ఇందులో వేరు. డిస్క్ మీద ఫైళ్లకి పాత నంబరు రాసి ఉంది. అది ఎవరిదో కొత్త కంప్యూటరుకి తెలియదు కాబట్టి అకౌంట్ అన్‌నోన్ అని చూపిస్తోంది. నిజమే, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆ ముక్క నేను చూశాను. వైరస్సేమో అనుకున్నాను.

పెన్‌డ్రైవ్‌లకి ఈ బాధ ఎందుకు లేదని అడిగాను. మామూలుగా అవి ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి, ఆ పద్ధతుల్లో ఈ పర్మిషన్లు రాసుకునే చోటే లేదంది. మా డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్. అందులో ప్రతి ఫైలుకీ ఓనరు ఎవరు, ఎవరెవరు ఏం చెయ్యొచ్చు అనే పట్టీ ఉంటుంది. కాకపోతే డిస్క్ చేతికొస్తే ఈ పట్టీని కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉన్న ఏ అడ్మినిస్ట్రేటరైనా మార్చుకోవచ్చట. అందుకే మనకి దారి ఉందంది.

పని మొదలుపెట్టే ముందు ఇంకొకటి చూపించమంది: ఫైళ్ల బొమ్మల మీద చిన్న తాళం గుర్తు ఉందా అని. ఉంటే అది ఎన్‌క్రిప్షన్, అంటే ఫైల్లో ఉన్నదాన్నే రహస్య లిపిలోకి మార్చేయడం. అప్పుడు ఓనరు పేరు మార్చినా లాభం లేదు, పాత విండోస్‌లోని కీ కావాలి. మా పాతది విండోస్ హోమ్ అని చెప్పగానే, "హోమ్‌లో ఆ సదుపాయమే లేదు, బతికిపోయాం" అంది.

తర్వాత అసలు కామెడీ. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిపించింది, మౌసుతో కాకుండా ఆదేశాలు టైపు చేసే చోటు అది. నల్ల తెర.

"ఇప్పుడు ఈ డ్రైవ్ అని కొట్టండి."

"ఏ డ్రైవమ్మా?"

"ఏ కాదు మాస్టారూ, ఈ."

"అదే, ఈ అంటే ఏది?"

"ఈ అంటే ఈ! ఏ బీ సీ డీ ఈ!"

తెలుగు మాస్టారికి జీవితంలో ఇంతకంటే పెద్ద అక్షరాభ్యాసం జరగదు. మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చి మరీ నవ్వింది.

ముందు నేను పెట్టిన డినై వరస తీయించింది. అలౌ, డినై ఒకే పేరుకి రెండూ ఉంటే డినైదే పైచేయి. ఎవ్రీవన్ అంటే అందరూ, అందులో నేనూ ఉన్నాను. నన్ను నేనే బయటికి గెంటుకున్నానన్నమాట. మరి తలుపు మూసుకున్నాక తీయడమెలా? పై ఫోల్డర్‌కి ఓనరుగా నా పేరు పడింది కదా, ఓనరుకి పట్టీ మార్చే హక్కు డినై పెట్టినా పోదట. నేను తెలియక చేసిన పనుల్లో పనికొచ్చింది అదొక్కటే.

రెండోది టేక్‌ఓన్ అనే కమాండు. అన్ని లోపలి ఫోల్డర్లకీ ఓనరు పేరు మారుస్తుంది. నేను మౌసుతో పెట్టినప్పుడు కింద "లోపలి వాటికీ వర్తింపజేయి" అనే గడికి టిక్కు పెట్టలేదు. అన్ని గడులూ నింపినవాణ్ని అవసరమైనదొక్కటీ వదిలేశాను. మూడోది ఐకాకల్స్. పేరు వినగానే కాకులేమిటన్నాను. ఓనరు అయినంత మాత్రాన చదివే హక్కు రాదు, ఆ హక్కు ఈ కమాండుతో విడిగా ఇచ్చుకోవాలట. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాలి. "అమ్మ పాటలు"లో ఖాళీ ఉంది. మొదటిసారి అందుకే ఎర్రర్ వచ్చింది.

ఇక్కడ తను గట్టిగా చెప్పిన మాట రాయాలి. "మొత్తం డిస్కుకి వద్దు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్, ఈ మూడే." లాప్‌టాప్‌లో విండోస్ నడుస్తున్న సీ డ్రైవ్ మీద మాత్రం ఈ కమాండ్లు కలలో కూడా వాడొద్దంది. అక్కడి సిస్టమ్ ఫైళ్లకి వేరే ఓనరు ఉంటాడు, వాడి చేతిలోంచి లాక్కుంటే విండోసే మంచాన పడుతుంది. డాక్యుమెంట్స్ లోపల మై మ్యూజిక్ అని బాణం గుర్తున్న ఫోల్డర్ ఒకటి ఇప్పటికీ తెరుచుకోలేదు. అది ఫోల్డరే కాదట. పాత ప్రోగ్రాముల కోసం విండోస్ విస్టా కాలంలో పెట్టిన, వేరే ఫోల్డర్‌కి పంపే దారి గుర్తట, తెరుచుకోకపోవడమే పద్ధతట. వదిలేశాను.

నల్ల తెర మీద గీతలు పరుగులు పెట్టాయి. ఇరవై నిమిషాలు. ఈసారి ఏదీ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాను. అప్పుడు చెప్పింది, మొదటి రోజు పాకిన ఆ ఆకుపచ్చ గీత కూడా ఇదే పని చేస్తోందని, క్యాన్సిల్ కొట్టకుండా ఓ గంట ఆగి ఉంటే బహుశా ఈ ఫోన్ కాలే అవసరం పడేది కాదని. పోన్లెండి, పడింది కాబట్టే పన్నెండేళ్ల తర్వాత మాట్లాడుకున్నాం.

ఫోల్డర్ తెరుచుకుంది. వెంటనే పాట పెట్టబోతే ఆపింది. "ముందు కాపీ. పాత డిస్క్ ఎప్పుడేం చేస్తుందో తెలియదు." కట్ చేసి కాదు, కాపీ చేసి మాత్రమే. అరవై జీబీ, రాత్రంతా పట్టింది. పాటల్లో నలభై ఒకటి వచ్చాయి. రెండింటి దగ్గర సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని ఇంకో రకం ఎర్రర్ వచ్చింది. అది పర్మిషన్ కాదు, డిస్క్ మీద ఆ చోటు దెబ్బతింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించి డిస్కుని ఇబ్బంది పెట్టొద్దంది. ఆ రెండింటిలో ఒకటి అప్పగింతల పాట. మా అక్కకి ఫోన్ చేస్తే తనకి సగం వచ్చునంది.

తల్లీ, రెండు రాత్రులు డ్యూటీ దిగి వచ్చి, అన్నం తినకముందే నాకు ఫోన్ చేశావు. నేను టైపు చేసిన ప్రతి అక్షరం చదివించుకున్నావు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. స్క్రీన్ నీ చేతికిస్తానంటే "వద్దు మాస్టారూ, మీరే చేయండి, ఈసారి మీకే వచ్చేస్తుంది" అన్నావు. ఎక్కాలు అప్పజెప్పించినట్టు టేక్‌ఓన్, ఐకాకల్స్ అప్పజెప్పించావు. ఆ కాగితం బీరువా తలుపుకి అంటించాను. డినై ఎదురుగా ఎర్ర సిరాతో ఇంటూ మార్కు పెట్టాను.

నిన్న నువ్వు పంపిన మెసేజ్ చూశాను: "రెండో కాపీ తీశారా?" తీశాను. మా అక్క ఇంట్లో ఒకటి, ఇక్కడొకటి. డాక్ ఆ కుర్రాడికి ఇచ్చేశాను. పండక్కి వస్తే ఇంటికి రా. పాలు పొయ్యి మీద ఉన్నాయనే పాట నీకు వినిపించాలి.