బహుమతి రాకపోతేనేం

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. టీకాల ఫ్రిజ్‌కి పెట్టే సెన్సర్‌తో పిచ్ పోటీలో, అంటే వ్యాపార ఆలోచనని జడ్జిల ముందు వినిపించే పోటీలో, ఫైనల్ దాకా వెళ్లి ఉత్త చేతులతో వచ్చానని తెగ బాధపడ్డావు. నీ బాధ నాకు అర్థమైంది. కానీ యూనివర్సిటీ నీకివ్వగలిగిన వాటిలో ఆ చెక్కు చాలా చిన్నదిరా.

1998లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ల 50కె అనే ఇలాంటి పోటీలోనే ఫైనల్‌కొచ్చి కూడా గెలవని జట్టొకటుంది. ప్రొఫెసర్ టామ్ లైటన్, ఆయన విద్యార్థి డానీ లూయిన్ ఉన్న జట్టు. ఆ ఏడాదే వాళ్లు పెట్టిన కంపెనీ అకమై. వెబ్ పేజీలు త్వరగా తెరుచుకునేలా ప్రపంచమంతా సర్వర్లు పెట్టింది వాళ్లే.

జడ్జిగారు 'దీనికి డబ్బు కట్టేదెవరు?' అనడిగితే, టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీలు దాటగానే అలారం ఎలా మోగుతుందో చెప్పానని రాశావు. ఆవిడ అడిగిందొకటి, నువ్వు చెప్పిందొకటి. అది చదివాక మనసు ఊరుకోక, తెలిసిన ఫార్మసిస్టు ఒకావిడ దగ్గరికి వెళ్లా. ఫ్రిజ్ పక్కన దారంతో వేలాడదీసిన నోట్‌బుక్ చూపించింది. పొద్దునా సాయంత్రం రీడింగులు, పక్కన సంతకాలు, మధ్యలో కొన్ని కొట్టివేతలు. "అలారం దీనికెప్పుడో ఉంది బాబూ. తనిఖీకి వచ్చినవాళ్లకి చూపించే ఈ లెక్కలు దానంతటదే రాసిపెడితే చెప్పు, కొంటాను" అంది. చూశావా, నీ సెన్సర్ అదే, అమ్మాల్సిన సరుకు మాత్రం వేరు!

అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో మొదలుపెట్టిన ఐ-కోర్ అనే శిక్షణలో ప్రతి జట్టూ ఏడు వారాల్లో వందమందితో ఇలా మాట్లాడి రావాలి. నువ్వూ తిరుగు. "విద్యార్థినండీ, తెలుసుకుందామని వచ్చా" అంటే ఎవరైనా కాసేపు కూర్చోబెట్టి మాట్లాడతారు. రేపు కంపెనీ కార్డు పట్టుకెళ్తే ఆ చనువుండదు. మీ ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే కేంద్రం) మెంటర్‌ని స్లైడ్లు దిద్దమని అడక్కు, పదిమందికి పరిచయం చెయ్యమని అడుగు.

నాకు టెన్షన్‌గా ఉన్నది హక్కుల విషయంలోనే. ప్రోటోటైప్ చేసింది యూనివర్సిటీ ల్యాబులో కదా, మరి అది ఎవరిది? గూగుల్ సెర్చ్‌కి మూలమైన పేజ్‌ర్యాంక్ పద్ధతి పేటెంట్ స్టాన్‌ఫర్డ్‌ పేరు మీదే ఉండేది. లైసెన్సు కింద వచ్చిన షేర్లు అమ్మితే ఆ యూనివర్సిటీకి దాదాపు 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ మాత్రం హక్కులు కనిపెట్టినవాళ్లకే వదిలేస్తుంది. మీ దగ్గర ఏ పద్ధతో నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తెలుసుకో.

ఇంకోటి, వేదిక మీద సర్క్యూట్ మొత్తం విప్పి చెప్పానన్నావు. చాలా దేశాల్లో దరఖాస్తు పెట్టకముందే బయటపెడితే పేటెంట్ రాదు. అమెరికాలో ఏడాది గడువిస్తారు, యూరప్‌లో ఆ వెసులుబాటు దాదాపు లేనట్టే. రేపే మీ యూనివర్సిటీలో పేటెంట్ల పని చూసే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకి వెళ్లి ఏ రోజు, ఎవరి ముందు, ఎంతవరకు చెప్పావో పూసగుచ్చినట్టు చెప్పు. పనికొచ్చే దారేదైనా మిగిలి ఉంటే వాళ్లే చూపిస్తారు.

మీ ముగ్గురూ వాటాలు కూడా ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి. ఎవరైనా మధ్యలో ఉద్యోగానికి వెళ్లిపోతే వాటా ఏమవుతుందో అందులో రాయండి.

ఇంక్యుబేటర్ వాళ్లిచ్చిన ఒప్పందం మీద మాత్రం తొందరపడి సంతకం పెట్టకు. ముందు నాకో కాపీ పంపు, ఆదివారం ఫోన్లో లైను లైనుగా చదువుదాం.

నీ
నేస్తం