గర్భిణి జ్వరాన్ని మామూలు జ్వరమని వదిలేయొద్దు

నల్గొండ జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి గారికి నమస్కారం.

వానలు పడగానే మన దగ్గర అందరూ డెంగీ గురించే మాట్లాడతారు. జికా వైరస్ ఊసే ఎవరూ ఎత్తరు. రెండింటినీ మోసుకొచ్చేది ఒకటే ఏడిస్ దోమ, పట్టపగలే కుడుతుంది. జికా సోకిన చాలామందికి జ్వరమే రాదు. వచ్చినా ఒళ్లు నొప్పులు, దద్దుర్లతో వారంలో పోతుంది. కానీ కడుపుతో ఉన్న తల్లికి, అందులోనూ తొలి నెలల్లో సోకితే, బిడ్డ మెదడు ఎదగకపోవచ్చు, తల చిన్నదిగా పుట్టొచ్చు. 2015లో బ్రెజిల్‌లో జరిగింది ఇదే. 2024లో పుణేలో గర్భిణులకు కూడా సోకింది. ఆ జూలైలోనే కేంద్రం అన్ని రాష్ట్రాలనూ అప్రమత్తం చేసింది.

దేవరకొండ వైపు ఊళ్లలో నల్లా ఎప్పుడు ఆగుతుందోనని గోలెం, డ్రమ్ము నింపి పెట్టుకుంటారు. మూత తీస్తే సన్నటి దోమ పురుగులు మెలికలు తిరుగుతూ కిందికి పోతాయి. నీళ్లు పారబోస్తే అయిపోయిందనుకుంటారు. దోమ గుడ్లు మాత్రం గోలెం, డ్రమ్ము లోపలి గోడకే అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి, తడి తగలగానే పొదుగుతాయి. గోడలు పీచుతో రుద్ది కడగాలని ఆశా అక్కలతో ఇంటింటా చెప్పించండి. పొగ కొట్టడం కన్నా ఇదే ముఖ్యం.

జ్వరం, దద్దుర్లతో వచ్చిన గర్భిణికి డెంగీతో పాటు జికా పరీక్షకూ రక్తం, మూత్రం పంపించండి. పాజిటివ్ వస్తే స్కానింగులు ఉచితంగా జరగాలి. కలయిక ద్వారా కూడా ఈ వైరస్ సోకుతుంది కాబట్టి కాన్పయ్యేదాకా కండోమ్ వాడాలని భర్తకూ మొహమాటం లేకుండా చెప్పాలి. దీనికి టీకా లేదు. వచ్చే గర్భిణుల పరీక్షల రోజు నుంచే మొదలుపెట్టించండి.

ఇట్లు,
దేవరకొండ ప్రాంత వాసి