పొలం వైద్యం ప్యాకేజీ ఉన్నవాళ్లకేనా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో నగర శివారు ఫామ్‌హౌస్ గురించి అర పేజీ వేశారు. పిల్లాపాపలతో వెళ్లి బురదలో దిగి, నాలుగు నాట్లు వేసి, ఆవుకు గడ్డి పెట్టి, సేంద్రియ భోజనం చేసి వస్తే ఒత్తిడి మాయమట. ధర కూడా అచ్చేశారు, సంతోషం. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

మట్టిపనితో మనసు కుదుటపడుతుందన్న మాట నేను కాదనను. నెదర్లాండ్స్‌లో ఇలాంటి పొలాల్లో సంరక్షణకు ప్రభుత్వ నిధులే ఇస్తారు. మన దగ్గర క్రెడిట్ కార్డు ఉండాలి.

మా కళ్యాణదుర్గం వైపు వేరుశనగ పోయి, బోరు ఎండి, అప్పుతో మనిషి పోయిన ఇళ్లు అందరికీ తెలిసినవే. మనిషి పోయాక, అది రైతు ఆత్మహత్యేనా అని తేల్చడానికి త్రిసభ్య కమిటీ వస్తుంది. పాస్‌బుక్కు, ప్రోనోటు, పోస్టుమార్టం రిపోర్టు అడుగుతుంది. కౌలు కార్డు లేకపోతే అది రైతు చావే కాదు. 2004లో 421 జీవోతో లక్షన్నర ఉన్న పరిహారం 2019లో ఏడు లక్షలైంది. ఆ ఇంటి పిల్ల రాత్రిళ్లు నిద్రపోతోందా అని మాత్రం అప్పుడూ ఇప్పుడూ అడిగిన నాథుడు లేడు.

మా వీధిలో ఒకామె భర్త పోయాక నెలల తరబడి గడప దాటలేదు. పొదుపు సంఘం ఆడవాళ్లే చెయ్యిపట్టి లాక్కుపోయి పొలానికి పోసే జీవామృతం కలిపే డ్రమ్ము దగ్గర నిలబెట్టారు. పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను, 200 లీటర్ల నీళ్లు. ఆ కట్టె తిప్పుతూనే మొదటిసారి నోరు విప్పి ఏడ్చింది. ఇప్పుడు ఎకరంలో నవధాన్యాలు చల్లుకుంటోంది. ఇంట్లో పురుగుమందు డబ్బా లేదు. ఆయన తాగింది అదే.

ఇది ఏ అధికారి పుణ్యమూ కాదు. 2016 నుంచి నడుస్తున్న రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి పంచుకుంది, ఫొటోలు బాగానే దిగారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని కేంద్రానిది 1996 నుంచీ ఉంది. రెండూ ఒకే జిల్లాలో ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. డాక్టరు జిల్లా ఆసుపత్రిలో ఉంటాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది సరే, కూలి ఎవరిస్తారు? ఊరూరా తిరిగి సేద్యం నేర్పే సంఘం మహిళలకు మనోవ్యాధి ఆనవాళ్లు పట్టడం రెండు రోజులు నేర్పి, పక్షానికోసారి ఒక కౌన్సెలర్‌ను పంపితే ఖజానా ఖాళీ అవుతుందా? మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేయడానికి 2022లో పెట్టిన టెలిమానస్ 14416 నంబరు మా రైతు సేవా కేంద్రం గోడ మీద లేదు. అదే గోడ మీద పాత పేరు 'రైతు భరోసా కేంద్రం'లో భరోసా చెరిపి సేవా అని రాయడానికి మాత్రం రంగు దొరికింది.

ఇదే అడుగుతూ సోమవారం అర్జీ ఇస్తే వ్యవసాయం వాళ్లు వైద్యశాఖ అన్నారు, వైద్యం వాళ్లు వ్యవసాయశాఖ అన్నారు. తర్వాత నా ఫోనుకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని సందేశం వచ్చింది. ఆ అర్జీలో నేనేం అడిగానో చదివినవాడెవడో నాకిప్పటికీ తెలియదు.

మానసిక వైద్య బృందం ఏ తేదీన ఏ మండలానికి వెళ్తుందో ఆ పట్టిక ఇమ్మని మీ విలేకరినైనా అడగమనండి. ఉంటే ప్రచురించండి. లేకపోతే లేదని ప్రచురించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా